లారీ వెనక హబ్బులో బేరింగ్ బిగువు సరిచేసే పద్ధతి

ఎర్రగుంట్ల, తాడిపత్రి సిమెంటు లోడ్లతోనో బేతంచెర్ల బండలతోనో తిరిగే లారీల వెనక హబ్బుల్లో (చక్రాన్ని బిగించే నడిమి భాగాల్లో) టేపర్ బేరింగులు, అంటే ఏటవాలు రోలర్ల బేరింగులు, ఎంత బిగువుగా ఉండాలన్నది మన షెడ్లలో చాలావరకు చేతి అంచనా మీదే నడుస్తోంది. నట్టును గట్టిగా బిగించి, కొంచెం వెనక్కి తిప్పి, చక్రాన్ని ఊపి చూసి మూసేస్తారు. కానీ అక్కడ ఉండవలసిన ప్లే, అంటే హబ్బు లోపలికీ బయటికీ కదిలే ఖాళీ, 0.025 నుంచి 0.127 మిల్లీమీటర్ల మధ్య, అంటే దాదాపు ఒక కాగితం మందం. అంత చిన్న కదలికను చేత్తో పసిగట్టడం ఎంత అనుభవమున్నవారికైనా సాధ్యం కాదు కనుక డయల్ గేజ్ (చిన్న కదలికను సూదితో చూపే కొలత పరికరం) పెట్టి కొలవవలసిందే.

ప్లే ఎక్కువైతే హబ్బు ఊగి, ఆయిల్ సీలు కారి, బ్రేకు లైనరు ఒక పక్కకే అరుగుతుంది. బిగువు ఎక్కువైతే నష్టం ఇంకా త్వరగా వస్తుంది: రోలర్లు వేడెక్కి, గ్రీజు మాడి, చివరకు బేరింగు పట్టేసి చక్రమే ఊడిపోవచ్చు. రెంటిలో బిగువునే ఎక్కువ ప్రమాదంగా ఎంచాలి.

పనికి ముందు లారీని చదునైన గట్టి నేల మీద నిలపాలి. వెనక చక్రం తిరగాలంటే పార్కింగ్ బ్రేకు వదలక తప్పదు కాబట్టి ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డుచెక్కలు పెట్టి, జాకీతో లేపిన ఇరుసు కింద తప్పనిసరిగా స్టాండ్లు వేయాలి. యాక్సిల్ షాఫ్టును లాగేశాక నట్లు విప్పి, బేరింగులను తీసి కడిగి ఆరబెట్టి, కప్పులో (బయటి రింగులో) గాని రోలర్ల మీద గాని గుంటలు, నీలిరంగు కనిపిస్తే కప్పును, కోనును (రోలర్లున్న లోపలి రింగును) జతగా మార్చాలి. సీలు మాత్రం పాతది బాగున్నట్టు కనిపించినా కొత్తదే వేయడం మంచిది.

బిగించే క్రమానికి అమెరికా ట్రక్కింగ్ సంఘాల టెక్నాలజీ అండ్ మెయింటెనెన్స్ కౌన్సిల్ ఇచ్చిన ఆర్‌పీ (సిఫారసు చేసిన విధానం) 618 పద్ధతి మంచి ఆధారం. అయితే మీ బండి కంపెనీ మాన్యువల్ వేరే అంకె చెబితే దానినే పాటించాలి. బేరింగుకు గ్రీజు లేదా ఆయిల్ పట్టించి, హబ్బును తిప్పుతూనే లోపలి నట్టును (రెండు నట్లలో బేరింగు వైపు ఉండి బిగువు కుదిర్చేదాన్ని) 200 పౌండ్-అడుగుల (సుమారు 271 న్యూటన్ మీటర్ల) టార్కుకు బిగించాలి. తిప్పకుండా బిగిస్తే రోలర్లు తమ స్థానంలో కుదురుకోవు. తరువాత నట్టును ఒక పూర్తి చుట్టు వదులు చేసి, మళ్లీ హబ్బును తిప్పుతూ 50 పౌండ్-అడుగులకు (సుమారు 68 న్యూటన్ మీటర్లకు) బిగించి, స్పిండిల్ (హబ్బు తిరిగే ఇరుసు కొన) మీద అంగుళానికి 12 మరలున్న వెనక ఇరుసు అయితే పావు చుట్టు వెనక్కి తిప్పాలి.

ఇక్కడ ఒక సందేహం సహజం. ఆ మరల లెక్కన పావు చుట్టంటే అర మిల్లీమీటరుకు పైనే వదులైనట్టు కదా, మరి ప్లే అంత తక్కువగా ఎలా మిగులుతుంది? లోపలి నట్టు తిరగకుండా పట్టే లాక్ వాషరు వేసి, దాని మీద బయటి చెక్ నట్టును బిగించినప్పుడు, మరల మధ్య ఉన్న ఖాళీ మేరకు లోపలి నట్టు ఇంకా లోపలికి జరుగుతుంది. అందుకే చెక్ నట్టును మాన్యువల్ చెప్పిన టార్కుకు బిగించాకనే కొలవాలి, అంతకుముందు తీసిన కొలత పనికిరాదు. వాషరు రంధ్రం లోపలి నట్టు మీది పిన్నుకు సరిపడకపోతే వాషరును తిరగేసి చూడాలి. అప్పటికీ కుదరకపోతే లోపలి నట్టును సరిపడేంత మేరకే వదులు చేయాలి గాని, రంధ్రం కలపడానికి బిగించకూడదు.

గేజ్ అయస్కాంత పీఠాన్ని హబ్బుకో డ్రమ్ముకో అతికించి, దాని మొనను స్పిండిల్ చివరకు ఆనించాలి. చక్రాన్ని గడియారంలో 3, 9 అంకెలుండే చోట్ల పట్టుకొని, అటూ ఇటూ కొద్దిగా తిప్పుతూ లోపలికి తోసి గేజ్‌ను సున్నాకు తెచ్చి, అలాగే తిప్పుతూ బయటికి లాగాలి. సూది తిరిగిన మొత్తమే ప్లే. పైనా కిందా పట్టుకొని ఊపితే చక్రం వాలు కూడా కలిసి అంకె పెద్దదిగా వస్తుంది. కొలత హద్దులో లేకపోతే చెక్ నట్టు విప్పి, లోపలి నట్టును కొద్దిగా సర్ది మళ్లీ కొలవాలి. కంపెనీలోనే బిగువు కుదిర్చి వచ్చే యూనిట్ హబ్బులకు ఈ పద్ధతి వర్తించదు.

పని అయ్యాక లోడుతో కొంతదూరం నడిపి అన్ని హబ్బుల వేడిని పోల్చి చూడాలి. ఒకటి మిగతా వాటికంటే స్పష్టంగా వేడిగా ఉంటే దానిని మళ్లీ విప్పాలి. కడప–రాయచోటి దారిలోని గువ్వలచెరువు ఘాటు దిగిన వెంటనే మాత్రం ఈ పరీక్ష చేయకూడదు. అక్కడ బ్రేకుల వేడి డ్రమ్ముల నుంచి హబ్బుకు పాకుతుంది. కర్నూలు–గుత్తి మధ్య 44వ జాతీయ రహదారి వంటి చోట, బ్రేకు ఎక్కువ వాడకుండా నడిపి ఆపి చూడడం సరైనది.