కాయ లేస్తే నీళ్లు పడతాయా? ఇలా తేల్చుకోండి

దేవరకొండ దగ్గర మా చేనులో బాపు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిచాడు. ఒకచోట కాయ నిట్టనిలువుగా లేచింది. అక్కడే బోరు వేస్తే నీళ్లు పడ్డాయి. అందరూ కాయ మహిమే అన్నారు.

మీ ఊళ్లో కాయ లేచినచోట, లేవనిచోట వేసిన బోర్లన్నీ రాయండి. ఎండినవి తప్పక రాయండి, మనసు ముందు మరిచేది వాటినే. కారణం ఉంటే ఫలితం ఉండడం, కారణం లేకుంటే ఫలితం లేకపోవడం: తర్కశాస్త్రంలో అన్వయ వ్యతిరేకాలంటే ఇవే.

కారణమన్నది మనసు అలవాటేనని 18వ శతాబ్దంలో స్కాట్లాండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ వాదించాడు. నేను పూర్తిగా ఒప్పుకోను. నల్గొండ నీళ్లలోని ఫ్లోరైడ్ మన నమ్మకాలతో పనిలేకుండానే ఎముకలు వంచింది.

చివరగా, కాయ పట్టిన మనిషి కళ్లకు గంతలు కట్టి అదే చేనులో మళ్లీ నడిపించండి. కాయ లేచినచోటల్లా సున్నంతో గుర్తు పెట్టి, మొదట లేచినచోటే మళ్లీ లేచిందో లేదో చూడండి.