అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చదవడం ఎలా? 4వ పాఠం: కలం ఎవరి చేతికి వెళ్లింది?

గత పాఠంలో తీర్పుకు ముందుండే సారాంశం చూశాం. ఈసారి దాని చివరి పేరా దగ్గరే ఆగుదాం. తీర్పు ఎవరు రాశారు, ఎవరు కలిశారు, ఎవరు విభేదించారు అన్నది అక్కడ ఉంటుంది. ఉత్త పేర్ల వరుసే కదా అని చాలామంది దాటేస్తారు. నేను మాత్రం చదవడం అక్కడే మొదలుపెడతాను.

నియమం చిన్నది. వాదనలు ముగిశాక తొమ్మిదిమంది న్యాయమూర్తులు తలుపులు మూసుకుని సమావేశమై ఓటేస్తారు. ప్రధాన న్యాయమూర్తి మెజారిటీలో ఉంటే తీర్పు రాసే పని ఎవరికివ్వాలో ఆయనే చెబుతారు. తానే రాయవచ్చు కూడా. ఆయన మెజారిటీలో లేకపోతే ఆ అధికారం మెజారిటీలోని అందరికన్నా సీనియర్‌కు పోతుంది. ఓటు ప్రధాన న్యాయమూర్తికీ ఒక్కటే, కానీ కలం అప్పగించే హక్కు దానికి తోడవుతుంది. కింది కోర్టులను కట్టిపడేసేది ఎవరు గెలిచారన్నది కాదు, ఎందుకు గెలిచారో రాసిన వాక్యాలు.

2000 నాటి డికర్సన్ కేసు తీసుకోండి. అరెస్టయిన వ్యక్తికి మౌనంగా ఉండే హక్కును పోలీసులు ముందే చెప్పాలన్న 1966 నాటి మిరాండా తీర్పు అప్పటి ప్రధాన న్యాయమూర్తి విలియం రెన్‌క్విస్ట్‌కు ఏనాడూ నచ్చలేదు. దాన్ని రద్దు చేసే అవకాశం రాగానే ఆయన ఏం చేశారు? 7-2 మెజారిటీలో చేరి, మిరాండాను నిలబెట్టే తీర్పు స్వయంగా రాశారు! ఆయన విభేదించినవారి వైపు వెళ్లినా 6-3తో మిరాండా నిలిచేదే. అప్పుడు కలం ఆ ఆరుగురిలో సీనియర్ జాన్ పాల్ స్టీవెన్స్ చేతికి వెళ్లేది. రెన్‌క్విస్ట్ రాసిన తీర్పు పొట్టిగా, పొదుపుగా ఉంటుంది. మిరాండాను మెచ్చుకోదు, విస్తరించదు. ఆయన మనసులో ఏముందో ఎవరూ రుజువు చేయలేరు గానీ, లెక్క మాత్రం ఇలా సరిపోతుంది.

మెజారిటీతో కలిసి కలం దక్కించుకునే ఈ ఎత్తు ప్రతిసారీ పారదు. 2022లో డాబ్స్ కేసులో ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ గర్భస్రావాలపై ఆంక్షలు పెట్టే మిసిసిపీ రాష్ట్ర చట్టాన్ని సమర్థిస్తూనే, గర్భస్రావ హక్కును పూర్తిగా కొట్టేయనక్కర్లేదన్నారు. కానీ పూర్తిగా కొట్టేయడానికి ఆయన లేకుండానే ఐదుగురు కుదిరారు. వారిలో సీనియర్ క్లారెన్స్ థామస్. తీర్పు రాసింది శామ్యూల్ అలిటో. ఐదుగురు గట్టిగా నిలబడితే ప్రధాన న్యాయమూర్తి నడిమార్గానికి తోడు దొరకదు.

అభ్యాసం: స్వలింగ వివాహాలపై 2015లో వచ్చిన ఒబెర్గెఫెల్ తీర్పులో రాబర్ట్స్ విభేదించారు. మెజారిటీలో ఉన్నవారు, కోర్టులో చేరిన ఏడాదితో సహా: గిన్స్‌బర్గ్ (1993), కెనడీ (1988), కేగన్ (2010), బ్రయర్ (1994), సోటోమయోర్ (2009). కలం ఎవరు అప్పగించి ఉండాలి? ఎవరికి అప్పగించారు? సారాంశంలోని చివరి పేరా తెరిచి సరిచూసుకోండి. ఫలితానికి ఒప్పుకుంటూ కారణాలకు ఒప్పుకోనివారి విడి అభిప్రాయాలను 5వ పాఠంలో విప్పుదాం.