సిటిడి పైపొరలో లవణీయత తక్కువ చూపిస్తోందా? నదిని నమ్మే ముందు గాలి రంధ్రం చూడండి

కాకినాడ, విశాఖ తీరాల్లో అక్టోబరు, నవంబరు నెలల్లో జరిగే ట్రాల్ సర్వేల్లో తరచూ ఎదురయ్యే సమస్య ఇది. వల వేసే ముందు సిటిడి, అంటే లోతుతో పాటు నీటి ఉష్ణోగ్రతనూ లవణీయతనూ కొలిచే పరికరం, దించుతారు. పై 10, 15 మీటర్లలో లవణీయత 27, 28 దగ్గర (కిలో నీటికి సుమారు అన్ని గ్రాముల ఉప్పు) ఉంటుంది. ఆ లోతు దాటగానే ఒక్కసారిగా 33కి ఎగబాకుతుంది. ఉష్ణోగ్రతలో మాత్రం ఏ తేడా కనిపించదు. గోదావరి వరద నీరనీ, తీరం వెంట దక్షిణానికి దిగే ప్రవాహం తెచ్చిన మహానది, గంగ, బ్రహ్మపుత్ర నీరనీ లాగ్‌బుక్‌లో రాసేసి వల దించేస్తారు.

అది నిజంగా నదుల నీరే కావచ్చు, సిటిడిలోకి నీటిని తెచ్చే ట్యూబులో చిక్కిన గాలి కూడా కావచ్చు. గ్రాఫులో రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ముందు ఈ ఒక్క పని చేయండి

దించేటప్పటి గీతనూ పైకి తీసేటప్పటి గీతనూ ఒకే గ్రాఫులో పెట్టి చూడండి. తియ్యనీటి పొర నిజంగా ఉంటే రెండింటిలోనూ దాదాపు అదే లోతులో కనిపిస్తుంది. దించేటప్పుడు మాత్రమే ఉండి పైకి తీసేటప్పుడు మాయమైతే అది గాలే. దీనికి రెండు నిమిషాలు పట్టదు, అయినా ఎక్కువమంది వదిలేసేది ఇదే. పైకి తీసేటప్పటి డేటా ఎలాగూ వాడం కదా అని దాన్ని తెరిచి కూడా చూడరు.

ఇంకా అనుమానంగా ఉంటే బకెట్‌తో పైనీరు తోడి, రొయ్యల చెరువుల దగ్గర ఉప్పు చూడటానికి వాడే చేతి రిఫ్రాక్టోమీటర్‌లో ఒక చుక్క వేసి చూడండి. అది ఒక యూనిట్ అటూ ఇటూ చూపిస్తుంది, శాస్త్రీయ కొలతకు పనికిరాదు. అయితే 28కీ 33కీ తేడా చెప్పడానికి అది చాలు.

గాలి ఎలా చిక్కుతుంది

సీబర్డ్ కంపెనీ 19 ప్లస్, 911 ప్లస్ లాంటి సిటిడిల్లో నీరు దానంతట అది సెల్ (నీటి వాహకతను, అంటే విద్యుత్తును ఎంత పారనిస్తుందో కొలిచే గాజు గొట్టం) గుండా పారదు, పంపు లాగాలి. ఆ పంపు నీటిని తోయగలదు గానీ గాలిని లాగలేదు. నీళ్లు పోసి నింపకుండా పొలం మోటారు స్విచ్ వేస్తే వట్టినే తిరిగినట్టు, ట్యూబులో గాలి ఉన్నంతసేపూ ఇదీ వట్టినే తిరుగుతుంది. ఆ గాలి బయటికి పోవడానికే వై ఆకారపు ట్యూబు పైకొసన సన్నటి రంధ్రం పెడతారు. ఉప్పు స్ఫటికమో, గ్రీజు ముక్కో అందులో అడ్డుపడితే గాలి లోపలే ఉండిపోతుంది.

లోతుకు వెళ్లేకొద్దీ బుడగ నలుగుతుంది. 10 మీటర్ల దగ్గర సగమవుతుంది, 20 మీటర్ల దగ్గర మూడో వంతు. ఎక్కడో ఒకచోట నీరు పంపును అందుకుంటుంది, ప్రవాహం మొదలవుతుంది. గ్రాఫులో లవణీయత ఎగబాకిన చోటు అదే. అంతవరకు సెల్‌లో నీటి బదులు కొంత గాలి ఉంది కాబట్టి వాహకత తగ్గి, లెక్కలో లవణీయత కూడా తక్కువ వచ్చింది. ఉష్ణోగ్రత సెన్సర్ ట్యూబు నోటి దగ్గరే, నీటిలోనే ఉంటుంది కనుక దానికి పెద్దగా తేడా పడదు.

అందరూ మోసపోయేది ఇక్కడే. వేరే సముద్రంలో అయితే లవణీయత మారి ఉష్ణోగ్రత మారకపోవడం చూసి అనుమానం వస్తుంది. బంగాళాఖాతంలో వర్షాల తరువాత నిజంగానే ఉష్ణోగ్రత ఒకేలా ఉంటూ లవణీయత మాత్రం మారే పొర ఏర్పడుతుంది, అవరోధ పొర అనేది దాన్నే. అంటే పరికరం లోపం ఇక్కడి సముద్ర లక్షణాన్నే అనుకరిస్తుంది. వాతావరణ మార్పుతో పైపొర తేలికపడుతోందా, కవళ్లు, కానాగంతలు అందుకే లోతు మారుస్తున్నాయా అని ఏళ్ల తరబడి పోల్చేవాళ్లు ఆధారపడేది సరిగ్గా ఈ 20 మీటర్ల డేటా మీదే. ఒక సర్వేలో రంధ్రం మూసుకుపోతే ఆ ఏడాది సముద్రమే మారినట్టు లెక్క తేలుతుంది.

ఆక్సిజన్ సెన్సర్ కూడా అదే ట్యూబులో ఉంటే ఇంకో ఆధారం దొరుకుతుంది. పలుచటి మెంబ్రేన్ పొర ఉన్న సెన్సర్ తన దగ్గరి నీటిలో ఆక్సిజన్‌ను తానే వాడుకుంటుంది, నీరు కదలకపోతే రీడింగు పడిపోతుంది. లవణీయత ఎగబాకిన లోతులోనే ఆక్సిజన్ కూడా గెంతితే పంపు వైపు చూడండి. లవణీయత ఒక్కటే తేడాగా ఉంటే సెల్ వైపు చూడండి.

సరిచేయడం

డెక్ మీద: ట్యూబులో పైనుంచి మంచినీళ్లు నింపండి. రంధ్రం గుండా నీరు మెల్లగా కారాలి. కారకపోతే 0.4 మిల్లీమీటర్ల తీగతో పొడిచి, ఊది, మళ్లీ నింపి చూడండి. ప్రతిరోజూ మొదటి స్టేషన్‌కు ముందు ఇది చేయాలి. పరికరాన్ని అడ్డంగా బిగిస్తే ట్యూబు ఎక్కడా పైకి మెలిక తిరగకూడదు, ఆ మెలికలో గాలి కూర్చుంటుంది.

నీటిలో: 10 మీటర్లకు దించి ఆపండి. ఫ్యాక్టరీ సెట్టింగు మార్చకపోతే ఉప్పునీరు తగిలిన సుమారు 60 సెకన్ల తరువాతే పంపు మొదలవుతుంది. మొత్తం 3 నిమిషాలు ఆగండి. స్క్రీన్ మీద డేటా కనిపిస్తుంటే లవణీయత, ఆక్సిజన్ నిలకడగా వచ్చాయో లేదో చూడండి. తరువాత పైకి తెచ్చి, ట్యూబు నోరు నీటి బయటికి రాకుండా, అక్కడి నుంచి కాస్ట్ (కొలత కోసం దించి తీయడం) మొదలుపెట్టండి. అలల వల్ల ఒక్కసారి నోరు బయటికి వచ్చినా పని మళ్లీ మొదటికొస్తుంది. సముద్రం ఎగిసిపడుతుంటే పూర్తిగా పైకి తేకండి, పై 3 మీటర్లు పోతే పోనివ్వండి. ఓడ అడుగుభాగం ఆ నీటిని ఎలాగూ కలిపేస్తుంది.

డేటాను లోపలే దాచుకునే పరికరమైతే వల దించకముందే డౌన్‌లోడ్ చేసి గ్రాఫు చూడండి. మళ్లీ దించే వీలు అప్పుడే ఉంటుంది. వల లాగడం మొదలయ్యాక ఆ నీటి దగ్గరికి తిరిగి రారు.

గాలి కాకపోతే

పైపొరలో లవణీయత ఎక్కువ చూపించి మెల్లగా దిగితే అది వేడి. ఎండలో డెక్ మీద కాలిన గాజు సెల్ లోపలి నీటిని వేడెక్కిస్తుంది. నీడలో ఉంచండి, పైన చెప్పిన 3 నిమిషాలు దీనికీ పనికొస్తాయి.

మొత్తం కాస్ట్ అంతా ఒకే మోతాదులో తక్కువ వస్తే సెల్‌లో నూనె పొరో నాచో ఉంది. తీరానికి దూరంగా 200 మీటర్ల దగ్గర బంగాళాఖాతం లవణీయత 35కు దగ్గరగా, నిలకడగా ఉంటుంది, అక్కడ పోల్చుకోండి. 1 శాతం ట్రైటాన్ (ఒక రకం డిటర్జెంటు) ద్రావణంతో కడిగి, మంచినీటితో బాగా జాడించండి. లోపలికి బ్రష్షు గానీ పుల్ల గానీ పెట్టొద్దు, ఎలక్ట్రోడ్ల మీది ప్లాటినం పూత పోతుంది.

ఉష్ణోగ్రత వేగంగా మారే లోతులో లవణీయత ముళ్లుముళ్లుగా వస్తే ఉష్ణోగ్రత, వాహకత సెన్సర్ల సమయం కుదరలేదు. ప్రాసెసింగ్‌లో సరిచేయవచ్చు. మధ్యలో హఠాత్తుగా పడిపోయి అలాగే ఉండిపోతే జెల్లీచేప ట్యూబుకు అడ్డుపడి ఉంటుంది. కనెక్టర్ తుప్పు, చెడిన కేబుల్, కాలిబ్రేషన్ ఫైలు తారుమారు కావడం అరుదు, వాటిని చివరికి వదిలేయండి.

ఇప్పటికే తీసుకున్న డేటా

దించేటప్పటి పైభాగాన్ని చెడు డేటాగా, అంటే 4వ నంబరు ఫ్లాగ్ (డేటా నాణ్యత గుర్తు)తో గుర్తించండి. ఆ లోతులకు పైకి తీసేటప్పటి విలువలు వాడండి. ఫ్రేము నీటిని కలపడం వల్ల అవి కాస్త మసకగా ఉంటాయి, అయినా గాలి బుడగ చెప్పిన అంకె కంటే నయం. కిందిది చూసి పైది ఊహించి గీత పూరించొద్దు. ప్రతి కాస్ట్ ఫైలు మొదట్లో ఉండే హెడర్‌లో 10 మీటర్ల దగ్గర ఎన్ని నిమిషాలు ఆపారో, రంధ్రం చూశారో లేదో రాసి పెట్టండి.