ముహర్రం మాసాన్ని ఎలా పాటించాలి

ఇస్లామీయ సంవత్సరంలో మొదటి నెల అయిన ముహర్రం అనగానే చాలామందికి ముందుగా గుర్తుకొచ్చేది పదో రోజైన ఆషూరా. ఆ రోజు విశిష్టత గొప్పదే, కానీ ఖురాన్ పవిత్రమని ప్రకటించింది మొత్తం మాసాన్ని. ఖురాన్‌లోని తౌబా సూరా (అధ్యాయం)లో 36వ ఆయత్ (వాక్యం), భూమ్యాకాశాలను సృష్టించిన నాటి నుంచి అల్లాహ్ వద్ద నెలల సంఖ్య పన్నెండేనని, వాటిలో నాలుగు పవిత్రమైనవని చెప్పి, ఆ మాసాలలో మీకు మీరు అన్యాయం చేసుకోవద్దని ఆదేశిస్తుంది. ఆ ఆయత్‌లో ఈ మాసాల గౌరవానికి ముందుగా ముడిపెట్టింది తప్పు నుంచి చేతులు వెనక్కి తీసుకోవడాన్నే. ఉపవాసాలు, నమాజులు, దానాలు ఆ నిగ్రహం మీద నిలబడినప్పుడే వాటికి బలం వస్తుంది. అందుకే ముహర్రం పాటించదలచినవారు ఈ క్రమాన్ని మనసులో పెట్టుకుని మొదలుపెట్టడం మంచిది.

ఆ నాలుగు మాసాలు ఏవో దైవప్రవక్త ముహమ్మద్ (స) హిజ్రీ (ఇస్లామీయ శకం) 10వ సంవత్సరంలో తన చివరి హజ్ సందర్భంగా వివరించారు: వరుసగా వచ్చే జిల్ ఖాదా, జిల్ హజ్, ముహర్రం, విడిగా వచ్చే రజబ్. అరబ్బులు ఇస్లాంకు పూర్వం కూడా ఈ నెలల్లో యుద్ధాలు ఆపేసేవారు. హజ్‌కు వెళ్లేందుకు ఒక నెల, హజ్ చేసేందుకు ఒక నెల, క్షేమంగా ఇంటికి చేరేందుకు ఒక నెల దొరికేవి. వరుసగా మూడు నెలలు దాడులు మానుకోవడం కొందరికి భారమై, ముహర్రం పవిత్రతను దాని తర్వాత వచ్చే సఫర్ మాసానికి వాయిదా వేసుకునే ఆచారం కూడా పుట్టుకొచ్చింది. తౌబా సూరాలోనే తర్వాతి ఆయత్ (37) దాన్ని తీవ్రంగా ఖండించింది. తమ కోపానికీ లాభానికీ అనుకూలంగా పవిత్రతను ముందుకూ వెనక్కూ జరుపుకోవడం ఎంత పెద్ద తప్పో ఆ ఖండనలోని తీవ్రతే చెబుతుంది.

ముందుగా తేదీ సరిచూసుకోవాలి. ఇస్లామీయ సంవత్సరం చంద్రుడి గమనాన్ని అనుసరిస్తుంది కాబట్టి దానికి 354 లేదా 355 రోజులే ఉంటాయి. ఫలితంగా ముహర్రం ప్రతి ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతూ అన్ని ఋతువులలోనూ తిరిగి వస్తుంది. జిల్ హజ్ 29వ తేదీ సాయంత్రం నెలవంక కనిపిస్తే మరునాడే ముహర్రం 1. కనిపించకపోతే 30 రోజులు పూర్తి చేయాలి. ఒక్కో దేశంలో నెలవంక ఒక్కో రోజు కనిపించవచ్చు కాబట్టి ఆషూరా తేదీలో ఒక రోజు తేడా రావడం మామూలే. అచ్చు క్యాలెండరును మాత్రమే నమ్ముకోకుండా, మీ ప్రాంతపు మసీదు లేదా నెలవంక కమిటీ ప్రకటనను అనుసరించండి. ఇస్లామీయ రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుందన్నదీ గుర్తుంచుకోవాలి: తొమ్మిదో తేదీ సూర్యుడు అస్తమించగానే ఆషూరా రాత్రి ప్రవేశిస్తుంది, ఉపవాసం మాత్రం ఆ రాత్రి గడిచాక వచ్చే పగటి పూట. హిజ్రీ శకం లెక్క రెండో ఖలీఫా ఉమర్ (ర) కాలంలో స్థిరపడింది. నూతన సంవత్సరం కోసం ప్రత్యేకమైన నమాజు గానీ పండుగ గానీ ప్రవక్త నిర్దేశించలేదు కాబట్టి ఒకటో తేదీన ఆర్భాటాలు అవసరం లేదు.

నెలవంక కనిపించిన రోజునే కాస్త తీరిక చేసుకుని కూర్చుని, ఎవరి హక్కు మన దగ్గర మిగిలి ఉందో రాసుకోవడం ఎంతో మేలు చేస్తుంది. తీర్చగలిగీ తీర్చని అప్పు, తోబుట్టువుకు పంచకుండా ఉంచుకున్న ఆస్తి, పనివారికి బాకీపడ్డ కూలి, నెలల తరబడి మాటలు ఆగిపోయిన బంధువు: ఇలాంటివి ఆ కాగితం మీదికి రావాలి. తోటివారికి అన్యాయం చేసినవారు దీనారాలూ దిర్హాములూ చెల్లని రోజు రాకముందే ఆ లెక్క తేల్చుకోవాలని ప్రవక్త హెచ్చరించారు. యుద్ధానికి దిగిన తెగలే ఈ నెలలో కత్తి దించినప్పుడు, ఇంట్లో సాగుతున్న పంతాన్ని మనం దించలేకపోవడానికి సాకు ఉండదు. చాడీలు, అబద్ధపు ప్రచారం, వ్యాపారంలో మోసం అన్ని నెలల్లోనూ నిషిద్ధమే. పవిత్ర మాసంలో వాటి బరువు మరింత పెరుగుతుందనీ, మంచి పనుల ప్రతిఫలమూ అలాగే పెరుగుతుందనీ ఖురాన్ వ్యాఖ్యాతలు వివరించారు.

ఇక ఉపవాసాల సంగతి. రమజాను తర్వాత అన్నిటికంటే శ్రేష్ఠమైన ఉపవాసం ‘అల్లాహ్ మాసమైన ముహర్రం’లో పాటించేదని, విధి నమాజుల తర్వాత శ్రేష్ఠమైనది రాత్రి నమాజని ప్రవక్త అనుచరుడు అబూ హురైరా (ర) ఉల్లేఖించిన హదీసు (ప్రవక్త పలుకుల ఉల్లేఖనం)లో ఉంది. ఈ మాసమంతటిలో ఏ రోజైనా నఫిల్ (ఐచ్ఛిక) ఉపవాసం ఉండవచ్చని దీన్ని బట్టి అర్థమవుతుంది. సోమ, గురువారాల్లోనూ, చాంద్రమాసపు 13, 14, 15 తేదీల్లోనూ ఉపవాసం ఉండటం కొత్తవారికి వీలైన పద్ధతి.

ఆషూరా ఉపవాసానికి ఒక చరిత్ర ఉంది. మక్కాలోని ఖురైష్ తెగవారు ఇస్లాంకు ముందే ఆ రోజు ఉపవాసం ఉండేవారని, ప్రవక్త కూడా పాటించేవారని ఆయన భార్య ఆయిషా (ర) తెలిపారు. ప్రవక్త మదీనాకు వచ్చాక అక్కడి యూదులు ఆ రోజు ఉపవాసం ఉండటం చూసి కారణం అడిగారు. అల్లాహ్ మూసా ప్రవక్తను (అ), ఇస్రాయీలు సంతతిని ఈజిప్టు రాజు ఫిరౌను బారి నుంచి కాపాడిన రోజని వారు చెప్పగా, మూసా విషయంలో మీకంటే మాకే ఎక్కువ హక్కు ఉందని పలికి తానూ పాటించి, అనుచరులనూ పాటించమన్నారు. హిజ్రీ 2లో రమజాను ఉపవాసాలు విధి అయ్యాక, ఆషూరా ఉపవాసం ఇష్టపూర్వకంగా పాటించేదిగా మిగిలింది. అది గడచిన ఏడాది పాపాలకు పరిహారమవుతుందని ఆశిస్తున్నానని ప్రవక్త చెప్పిన మాట అబూ ఖతాదా (ర) ద్వారా మనకు అందింది. ఈ పరిహారం చిన్న పాపాలకు వర్తిస్తుందని, పెద్ద పాపాలకు పశ్చాత్తాపంతో తౌబా చేయాలని, మనుషుల హక్కులను మనుషులకే తిరిగి ఇవ్వాలని పండితులు స్పష్టం చేశారు.

వచ్చే ఏడాది వరకు బతికి ఉంటే తొమ్మిదో తేదీన కూడా ఉపవాసం ఉంటానని ప్రవక్త సంకల్పించారు. ఆ ఏడాది రాకముందే పరమపదించారు. అందువల్ల 9, 10 తేదీలు రెండూ ఉండటం ఉత్తమం. తొమ్మిదో తేదీ తప్పిపోతే 10, 11 ఉండవచ్చని చాలామంది పండితులు చెబుతారు. పదో తేదీ ఒక్కటే ఉన్నా ఉపవాసం చెల్లుతుంది, అయితే సున్నీలలో హనఫీ న్యాయ సంప్రదాయపు పండితులు దానికి మరో రోజును జోడించమంటారు.

పాటించే విధానం రమజాను ఉపవాసం లాంటిదే. తెల్లవారుజామున ఫజ్ర్ వేళ ప్రవేశించక ముందే సహరీ (ఉపవాసానికి ముందు తినే భోజనం) ముగించాలి. ఆకలి లేకపోయినా గుక్కెడు నీళ్లయినా తాగడం సున్నత్ (ప్రవక్త సంప్రదాయం). సంకల్పం మనసులో ఉంటే చాలు, నోటితో పలకాల్సిన ప్రత్యేక వాక్యమేదీ లేదు. నఫిల్ ఉపవాసం కాబట్టి రాత్రి సంకల్పించుకోవడం మరచిపోయినవారు, ఫజ్ర్ నుంచి ఏమీ తినకుండా తాగకుండా ఉంటే, పొద్దున పూట కూడా సంకల్పం చేసుకోవచ్చు. సూర్యుడు అస్తమించగానే ఆలస్యం చేయకుండా ఖర్జూరంతోనో నీళ్లతోనో ఇఫ్తార్ (ఉపవాస విరమణ) చేయాలి. రోగులు, ప్రయాణంలో ఉన్నవారు, బలహీనంగా ఉన్న గర్భిణులు తమను కష్టపెట్టుకోనవసరం లేదు. రుతుస్రావంలో ఉన్న స్త్రీలు ఉపవాసం ఉండరు, వారు దుఆలూ (ప్రార్థనలు), జిక్ర్ (దైవస్మరణ), దానధర్మాలతో ఆ రోజును గడపవచ్చు.

పిల్లలను ఈ రోజుకు ఎలా అలవాటు చేయాలన్నదానికి ప్రవక్త కాలపు మహిళ రుబయ్యి బిన్త్ ముఅవ్విజ్ (ర) చెప్పిన వివరం నాకు చాలా ఇష్టం. మదీనాలో తాము పిల్లల చేత ఉపవాసం ఉంచి, ఉన్నితో బొమ్మలు చేసి ఇచ్చేవారమని, ఎవరైనా తిండి కోసం ఏడిస్తే ఇఫ్తార్ వేళ వరకు ఆ బొమ్మతో ఆడించేవారమని ఆమె చెప్పారు. పిల్లలకు ఇది విధి కాదు. చిన్నవారు మధ్యాహ్నం వరకు ఉండగలిగినా మెచ్చుకోండి, నీరసపడితే వెంటనే తినిపించండి.

ఇదే పదో తేదీన, హిజ్రీ 61లో, అంటే 680 అక్టోబరు 10న, ప్రవక్త మనవడైన ఇమామ్ హుసైన్ (ర) ఇరాక్‌లోని కర్బలా మైదానంలో అప్పటి ఉమయ్యద్ పాలకుడు యజీద్ సైన్యం చేతిలో అమరులయ్యారు. పక్కనే యూఫ్రటీస్ నది ఉన్నా ఆయన శిబిరానికి నీళ్లు అందకుండా అడ్డుకున్నారు. షియా ముస్లింలకు ఈ మాసం ప్రధానంగా సంతాప కాలం. ఒకటో తేదీ నుంచే మజ్లిసులు (సంతాప సభలు) జరుగుతాయి. కర్బలా ఘట్టాలను వినిపిస్తారు, మర్సియాలూ నౌహాలూ అనే శోకగీతాలు ఆలపిస్తారు, నల్లని దుస్తులు ధరిస్తారు, పెళ్లిళ్లూ వేడుకలూ వాయిదా వేసుకుంటారు. నీళ్ల కోసం వెళ్లి ప్రాణాలర్పించిన హుసైన్ సవతి సోదరుడు అబ్బాస్‌ను తొమ్మిదో రోజు ప్రత్యేకంగా స్మరిస్తారు. పదో రోజు జియారతె ఆషూరా అనే ప్రార్థన పఠించి, ఉపవాస సంకల్పం లేకుండానే అస్ర్ (సాయంకాలపు నమాజు) వేళ వరకు అన్నపానీయాలు మానుకుని, తర్వాత కొద్దిగా తింటారు. శరీరాన్ని గాయపరచుకునే పద్ధతిని అయతుల్లా ఖమేనీతో సహా పలువురు షియా పండితులు వారించారు. ఆ రోజున రక్తదానం చేయడం చాలాచోట్ల అలవాటుగా మారింది. మజ్లిసుకు అతిథిగా వెళ్లేవారు సాదా దుస్తుల్లో వెళ్లి, నిశ్శబ్దంగా కూర్చుని వినాలి, శుభాకాంక్షలు చెప్పకూడదు. సున్నీ సంప్రదాయం సంతాప కార్యక్రమాలను ఆమోదించకపోయినా, హుసైన్ పట్ల ప్రేమలో వెనుకబడినది కాదు. హసన్, హుసైన్ స్వర్గ యువకుల నాయకులన్న హదీసును ప్రతి సున్నీ ఇంట్లో గౌరవంతో చెప్పుకుంటారు.

ముహర్రం అపశకునపు నెల అన్న భావనకు ఆధారం లేదు. సంతాపంగా వేడుకలు మానుకోవడం వేరు, నెలే చెడ్డదని భయపడటం వేరు. అలాగే ఆషూరా నాడు ప్రత్యేకంగా కళ్లకు సుర్మా పెట్టుకుంటే, స్నానం చేస్తే ఫలానా పుణ్యం వస్తుందని చెప్పే ఉల్లేఖనాలను హదీసు పండితులు కల్పితాలుగా తేల్చారు. ఫోన్‌కు వచ్చిన ప్రతి సందేశాన్నీ నలుగురికి పంపేముందు తెలిసిన ఆలిమ్ (మతపండితుడి)ను అడగండి.

పదకొండో తేదీ తర్వాత ఉత్సాహం సన్నగిల్లడం సహజం, కానీ నెలలో ఇంకా సగానికి పైగా మిగిలే ఉంటుంది. ఇషా (రాత్రి) నమాజు తర్వాత నిద్రపోయి, ఫజ్ర్‌కు అరగంట ముందు లేచి రెండు రకాతుల (నమాజులోని ఆవృత్తులు) తహజ్జుద్ అనే రాత్రి నమాజు చదవడం ఈ రోజుల్లో మొదలుపెట్టవచ్చు. రమజానులో తప్పిపోయిన ఉపవాసాల ఖజా (తర్వాత తీర్చాల్సినవి) బాకీ ఉన్నవారు వాటిని ఈ నెలలోనే తీర్చుకుంటే మంచిది. నెలవంక కనిపించిన రోజు రాసుకున్న కాగితంలో ఇంకా తేలని పేర్లుంటే, సఫర్ నెలవంక కనిపించేలోగా వారిని కలవడానికి రోజులు కేటాయించుకోండి.