పది రెట్లు పలచన చేస్తే పీహెచ్ ఎంత తగ్గుతుంది?

బలహీన క్షారాన్ని, అంటే నీటిలో కొంత భాగమే అయాన్లుగా మారే క్షారాన్ని, పది రెట్లు పలచన చేస్తే పీహెచ్ ఒకటి తగ్గుతుందని చాలామంది రాసేస్తుంటారు. అది సోడియం హైడ్రాక్సైడ్ లాంటి బలమైన క్షారాల లెక్క. బలహీన క్షారమైన అమ్మోనియాకైతే సుమారు అర మాత్రమే తగ్గించండి: 0.1 మోలార్ (లీటరుకు 0.1 మోల్) ద్రావణం పీహెచ్ 11.1, 0.01 మోలార్‌ది 10.6. నీళ్లు పెరిగేకొద్దీ ఇంకొన్ని అమ్మోనియా అణువులు అయనీకరణం చెంది, తగ్గిన హైడ్రాక్సైడ్‌ను కొంత పూడుస్తాయి. హైడ్రాక్సైడ్ గాఢత క్షార గాఢత వర్గమూలాన్ని బట్టి మారుతుంది, ఆ అర అక్కడి నుంచే వచ్చింది. మరీ పలచనైతే ఈ అడ్డదారి పనిచేయదు, వర్గ సమీకరణం వేయాల్సిందే. ఎన్ని నీళ్లు పోసినా 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర పీహెచ్ 7 కిందికి మాత్రం దిగదు. జవాబు 6.8 వచ్చిందంటే టెన్షన్ పడకండి, నీటి సొంత హైడ్రాక్సైడ్‌ను మర్చిపోయారంతే.