కొత్త పవర్‌ఫుల్ బండి ఇంజన్ రన్నింగ్-ఇన్: 3వ పాఠం, రింగులు కూర్చోబెట్టడం

పోయిన పాఠంలో మొదటి 300 కిలోమీటర్లు, అంటే కొత్త టైర్లకి పట్టు వచ్చి బ్రేక్ ప్యాడ్లు డిస్కులకి అలవాటుపడేదాకా ఏం చెయ్యాలో చూశాం కదా. అది పూర్తయినవాళ్ళే ఇది మొదలెట్టండి, కానివాళ్ళు ముందు అది కానివ్వండి, తొందరేం లేదు.

ఇవాళ అసలు సంగతికి వద్దాం. కొత్త ఇంజన్ని ఎంత మెల్లగా తోలితే అంత మంచిదని చాలామంది గట్టిగా నమ్ముతారు, నేనూ చాలాకాలం అలాగే నమ్మాను. కానీ మెల్లగా తోలడం వేరు, రన్నింగ్-ఇన్, అంటే కొత్త ఇంజన్లో భాగాలు ఒకదానికొకటి సర్దుకునేలా తోలడం, వేరు.

ఎందుకో తెలియాలంటే సిలిండర్, అంటే పిస్టన్ పైకీ కిందకీ ఆడే గొట్టం, లోపలికి తొంగిచూడాలి. గోడ అద్దంలా నున్నగా ఉంటుందనుకుంటాం కానీ దగ్గర్నుంచి చూస్తే సన్నసన్నటి గీతలు ఏటవాలుగా ఒకదాన్నొకటి కోసుకుంటూ వల పరిచినట్టు కనిపిస్తాయి. ఫ్యాక్టరీలో హోనింగ్ రాయితో కావాలని గీసినవే అవి. ఆ గీతల లోతుల్లో ఆయిల్ నిలబడుతుంది, వాటి అంచులేమో సన్నటి ఆకురాయిలా పనిచేసి పిస్టన్ రింగుని (పిస్టన్ చుట్టూ ఉండే లోహపు పట్టీని) కొంచెం కొంచెంగా అరగదీస్తూ తామూ అరుగుతాయి, అలా రింగూ గోడా ఒకదానికొకటి అతికినట్టు సరిపోతాయి. ఇంజన్ ఫ్రీ అయింది అంటామే, అందులో పెద్ద వాటా దీనిదే.

అయితే ఆ అరుగుడు జరగాలంటే రింగు గోడని గట్టిగా అదమాలి. దాని సొంత స్ప్రింగ్ బలం తక్కువే, అసలు బలమంతా మండిన గ్యాస్‌ది, అది పైనుంచి వచ్చి రింగు వెనకున్న గాడిలోకి దూరి రింగుని గోడ మీదకి నెడుతుంది. టర్బో ఇంజన్లో ఫుల్ లోడ్ మీద, అంటే పెడల్ పూర్తిగా తొక్కి ఇంజన్ చేత గట్టిగా పని చేయిస్తున్నప్పుడు, ఈ ఒత్తిడి 100 బార్ (మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు వంద రెట్లు) దాటగలదు, కాలు ఆనీ ఆనకుండా తోలుతుంటే అందులో కొద్దిపాటే వస్తుంది. అలాగే వందల కిలోమీటర్లు తోలితే రింగు సరిగ్గా ఆనదు, గోడ మీద మిగిలిన ఆయిల్ మాడి వార్నిష్‌లా పేరుకుని గీతల్ని పూడ్చేస్తుంది. దీన్నే గ్లేజింగ్ అంటారు. తర్వాత బండి ఆయిల్ తాగుతూనే ఉంటుంది, బాగా ముదిరితే ఇంజన్ విప్పి మళ్ళీ హోనింగ్ చెయ్యాల్సిందే.

అలాగని మొదటిరోజే పెడల్ నేలకి నొక్కేయడం ఇంకా పెద్ద తప్పు. అరగని ఎత్తుపల్లాల దగ్గర వేడి ఒక్కసారిగా పెరిగి లోహం లోహాన్ని చీరేస్తుంది. కాబట్టి లోడ్ ఇవ్వాలి, కొద్దిసేపే ఇవ్వాలి, ఆర్‌పీఎమ్ (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) మారుస్తూ ఇవ్వాలి.

ఇప్పుడు అభ్యాసం. ముందు వార్మప్. టెంపరేచర్ ముల్లు మధ్యకి రాగానే రెడీ అనుకోకండి, అది కూలెంట్‌ది, ఆయిల్ వేడెక్కడానికి ఇంకో పది నిమిషాలైనా పడుతుంది, ఆయిల్ టెంపరేచర్ గేజ్ ఉంటే 80 డిగ్రీలు దాటేదాకా ఆగండి. ఖాళీ రోడ్డు చూసుకుని గేరు మీ చేతిలో ఉండేలా మాన్యువల్ మోడ్‌లో పెట్టి మూడో గేరులో 2500 ఆర్‌పీఎమ్ దగ్గర మొదలెట్టండి, పెడల్ సగం లేదా ఇంకాస్త తొక్కి 4000 వరకు పోనివ్వండి, అక్కడ కాలు పూర్తిగా తీసేసి బ్రేక్ ముట్టుకోకుండా గేరులోనే 2500కి దిగనివ్వండి. ఇలా ఐదారుసార్లు చేసి, పదినిమిషాలు మామూలుగా తోలి, మళ్ళీ చెయ్యండి. మలుపుల రోడ్డో కొండ రోడ్డో దొరికితే ఇంకా మంచిది, అక్కడ లోడ్ దానంతటదే మారుతూ ఉంటుంది. క్రూజ్ కంట్రోల్ మాత్రం వద్దే వద్దు. పై గేరులో 1500 దగ్గర ఇంజన్ మూలుగుతుంటే తొక్కడం కూడా వద్దు, అది బేరింగులకి చేటు.

పై హద్దు ఎంత అన్నది మీ బండి మాన్యువల్ చెప్పాలి, నేను కాదు. బీఎమ్‌డబ్ల్యూ ఎమ్3 లాంటి ఎమ్ బళ్ళలో మొదటి 2000 కిలోమీటర్లు 5500 ఆర్‌పీఎమ్, గంటకి 170 కిలోమీటర్లు దాటొద్దంటారు, ఆ 2000 దగ్గర ఇంజన్ ఆయిలూ డిఫరెన్షియల్ (ఇంజన్ బలాన్ని చక్రాలకి పంచే గేర్ల పెట్టె) ఆయిలూ రెండూ మార్పిస్తారు. డిఫరెన్షియల్ ఎందుకు అంటే అందులో పళ్ళు కూడా కొత్తవే, అవీ ఒకదానికొకటి ఒరుసుకుని సన్నటి లోహపు పొడి వదులుతాయి.

ఒకసారి కొత్త బండిని హైవే మీద ఒకే స్పీడులో దాదాపు 1500 కిలోమీటర్లు ఎంతో జాగ్రత్తగా తోలాను. ఆ తర్వాత ప్రతి ట్యాంకుకీ డిప్‌స్టిక్ (ఇంజన్ ఆయిల్ ఎంతుందో చూసే కడ్డీ) మీద ఆయిల్ దిగిపోతుంటే కడుపు తరుక్కుపోయింది. అందుకే ఇంతలా చెప్తున్నా.

వచ్చే పాఠంలోపు ఒక పని చెయ్యండి. బండి సమంగా ఉన్న నేల మీద ఆపి, ఇంజన్ ఆఫ్ చేసి ఐదు నిమిషాలయ్యాక డిప్‌స్టిక్ తుడిచి, ముంచి, ఆయిల్ ఏ గీత దాకా ఉందో కిలోమీటర్ రీడింగ్‌తో కలిపి రాసిపెట్టుకోండి, డిప్‌స్టిక్ లేని బళ్ళయితే స్క్రీన్ మీద చూపించే లెవెల్ రాసుకోండి. 500 కిలోమీటర్లకోసారి. మొదట్లో కాస్త తగ్గితే కంగారుపడకండి, పోనుపోను తగ్గడం ఆగాలి, ఆగుతోందా లేదా అన్నదే మనకి కావాలి. 4వ పాఠం ఆ అంకెలతోనే మొదలుపెడదాం, మొదటి ఆయిల్ చేంజ్ ఎప్పుడన్నది కూడా అక్కడే. అప్పటిదాకా ఎవరో చెప్పారని ఫ్యాక్టరీ ఆయిల్ ముందే తీయించేయకండి.