డర్బన్ నుంచి కేప్‌టౌన్‌కి సర్ఫ్‌బోర్డు తెస్తే వ్యాక్స్ మార్చండి

దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో చక్కగా పట్టు ఇచ్చిన బోర్డు మీద కేప్‌టౌన్ అట్లాంటిక్ వైపు కాళ్లు జారిపోతుంటాయి. కాళ్లు జారకుండా బోర్డు పైన రుద్దే మైనమే వ్యాక్స్. డర్బన్ లాంటి చోట్ల వాడే వెచ్చటి నీళ్ల వ్యాక్స్ చల్లటి నీళ్లలో గట్టిపడి, జిగురు పోతుంది. అదే దానికి కారణం. కేప్‌టౌన్‌లోని బిగ్ బే, కామెట్జీ తీరాల దగ్గర వేసవిలో కూడా నీళ్లు చాలాసార్లు 10–15 డిగ్రీలే ఉంటాయి. ఆగ్నేయపు గాలి పైనీటిని తోసేస్తే అడుగునున్న చల్లటి నీళ్లు పైకొస్తాయి మరి.

పాత వ్యాక్స్ తీయడానికి ప్రత్యేకమైన ద్రావణాలేమీ కొనక్కర్లేదు. వ్యాక్స్ ఉన్న వైపు పైకి పెట్టి బోర్డును 5–10 నిమిషాలు ఎండలో ఉంచండి. మెత్తబడగానే పాత ఏటీఎం కార్డు అంచుతో ముక్కు నుంచి తోక వైపు గీకేయండి. గీకిన ముద్దను ఇసుకలో వదలకుండా సంచిలో వేయండి. మిగిలిన పొరను చెంచాడు పొద్దుతిరుగుడు నూనె వేసిన గుడ్డతో తుడవండి. తర్వాత గిన్నెలు తోమే సబ్బునీళ్లతో రెండుసార్లు కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. ఈ కడగడం మాత్రం వదలొద్దు, ఏ కాస్త నూనె మిగిలినా కొత్త వ్యాక్స్ అంటుకోదు. ఇప్పుడు అడుగు పొరగా వేసే బేస్ వ్యాక్స్‌ను చిన్న చిన్న సున్నాలుగా, బుడిపెలు లేచేదాకా రుద్ది, దాని మీద చల్లటి నీళ్ల వ్యాక్స్ పలచగా పట్టించండి.

కేప్‌టౌన్‌లోనే ఉన్న మ్యూజెన్‌బర్గ్ తీరంలో అద్దెకిచ్చే మెత్తటి ఫోమ్ బోర్డులకు ఇది పనికిరాదు, కార్డుతో గీకితే పైపొర చిరుగుతుంది. ఎపాక్సీ (ఒక రకం రెసిన్) పూత ఉన్న బోర్డయితే ఎండలో మరిచిపోకండి, లోపలి గాలి వేడెక్కి పైపొర ఉబ్బి లేస్తుంది.